పక్కకి తిప్పడం

హోమ్ నర్సు శిక్షణలో మూడో రోజు సాయంత్రం ఆ అమ్మాయి గాజువాక హాస్టల్ మెట్ల మీద కూర్చుని, సబ్బవరంలో ఉన్న తల్లికి ఫోన్ చేసింది.

“ఇయాళ ఏటి నేర్పినారే?”

“మంచం పట్టినోళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలంటమ్మా.”

“అలా తిప్పితే నొప్పెట్టదేటి? మీ మామ్మని నాలుగు నెల్లు నాను కదపనిచ్చానా? పువ్వునాగ సూసుకున్నాను. ఆ వీపు పుండ్లే పేనం తీసినాయి గానీ, నేకపోతే ఇంకో రెండేళ్లు బతికుండేది ముసల్ది. మీ మేడమ్‌కి సెప్పు, మాయమ్మకి నర్సు పని మీకన్నా బాగా తెలుసని.”

కదపకుండా ఉంచితే వీపు పుండ్లు పడతాయని పొద్దున రాసుకున్న నోట్సు ఆమె ఒళ్లోనే ఉంది. ఆ మాట ఒక్కతే మోయలేకనే ఫోన్ చేసింది.

“ఇంతకీ తిప్పకపోతే ఏటవుద్దంట?”

“తిమ్మిరెక్కుతాదంట.”

“అంతేనా?”

“అంతేనమ్మా.”