మూత తీసి చూపించారు

ఇంజనీరు సెలవు ముగించుకుని వచ్చేసరికి, కేన్సర్ చికిత్సకు వాడే యాక్సిలరేటర్‌కు అయాన్లు అందించే సోర్స్ మూత బల్ల మీద ఉంది. పక్కనే డైరెక్టరు. ఆమె బ్యాగు కింద పడేసి దగ్గరికి పరుగెత్తింది.

“ఎవరు తీశారు సార్?”

“నేనేనమ్మా. అయాన్ల ధార, అదే బీమ్, రెట్టింపు చేశావని పెద్దవాళ్లు చూడ్డానికొచ్చారు. లోపలేముందో చూపించమన్నారు.”

“లోపల పట్టించిన సీజియం లోహపు పూత వల్లేగా ఆ రెట్టింపు! గాలి తగిలితే పాడైపోతుందని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.”

“అంతమందిలో కాదనలేకపోయాను. మళ్లీ పట్టించెయ్యి.”

“బీమ్ కుదురుకోవడానికి వారాలు పడుతుంది. రేపు చికిత్సకొచ్చే కేన్సర్ పేషెంట్లకి ఏం చెప్పమంటారు?”

ఆయన బల్ల మీది మూతను ఆమె వైపు జరిపాడు.

“నిన్ను మాత్రం ఆకాశానికెత్తేశారమ్మా.”

“ఏం చూసి సార్? మూత తీశాక అందులో ఏం మిగిలిందని?”