నడిమి గడి

డెలేనీ! ఓ డెలేనీ! ఆ కత్తెర కింద పెట్టు. పెట్టు ముందు, తర్వాత మాట్లాడుకుందాం. అమ్మయ్య. ఎనభై ఎనిమిదేళ్ళ ముసలిదాన్ని ఇలా హడలగొడతారటే ఎవరైనా? వరండాలోంచి కిటికీలో చూద్దును కదా, బొంత మంచం మీద పరిచి, కత్తెర నోరు తెరిచి, సరిగ్గా నడుమ పెట్టబోతోంది పిల్ల! ఇలా కూచో. ఆ కుర్చీ వద్దు, దానికి ఒక కాలు పొట్టి. ఇటు, నా పక్కన. లెక్సింగ్టన్ నుంచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చావు, పొయ్యి మీద చిక్కుడుగింజల పులుసుంది, మొక్కజొన్న రొట్టె ఉంది, తిని మాట్లాడొచ్చు కదా. తర్వాతేనా? సరే, నీ ఇష్టం. బొంత మాత్రం నా ఒళ్ళో పెట్టు. నిన్న ఫోన్లో తీసుకుపొమ్మన్నాను, కాదనను. నీదే అది. తీసుకుపొమ్మన్నాను గానీ కొయ్యమన్నానా? ఆ నడిమి గడి ఒక్కటీ కోసి, అద్దం వేయించి, పాప ఉయ్యాల పైన గోడకి తగిలిస్తావా? మొన్న పుట్టిన దానికి వెర్డా అని మీ నానమ్మ పేరు పెట్టుకున్నావు, మంచిపని చేశావు. నానమ్మ చేతిపని ఒక్కటైనా బిడ్డ కళ్ళముందు ఉండాలనుకున్నావు. అదీ బాగుంది. ఇల్లంతా గాలించావు, ఒక్క జేబురుమాలు కూడా దొరకలేదు. ఇదొక్కటే ఉంది, ఎర్ర దారంతో పేరు కూడా ఉంది కదా అంటావు. ఉందమ్మా. నాకు కళ్ళజోడు లేకపోయినా కనిపిస్తోంది.

బొంతని కొయ్యకూడదే. ఒక్క గడి తీస్తే మిగతాదంతా ఏమైపోతుంది చెప్పు? ఇది ఎవరికోసం కుట్టిందో తెలుసుగా? మీ తాతకి. మా అన్న హోబర్ట్‌కి. నువ్వు చూసిన హోబర్ట్ వంగిపోయి, చెవులు వినిపించక, కిటికీ దగ్గర కూచున్నాయన. నా హోబర్ట్ అలా ఉండేవాడు కాదు. ఉద్యోగం పోస్టు మోయడం. జీపు వేసుకుని వాగు వెంటే పోయేవాడు, అప్పట్లో మా కొండల్లో వాగే రోడ్డు. సాయంత్రం నాలుగింటికి సంచీ దించాడంటే ఇంక షెడ్డులోనే. చిత్రిక చప్పుడు మా వంటింట్లోకి వినిపించేది, స్ర్... స్ర్... అని, కొండ నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. ఎవరైనా వడ్రంగి అంటే చెవులు ఎర్రబడిపోయేవి. "కాదండీ, నాకిది సరదా" అనేవాడు. సరదాట! ఆ వాగు పొడవునా ఆయన బాగుచెయ్యని కుర్చీ లేదు, ఆయన చెయ్యని ఉయ్యాల లేదు. పైసా పుచ్చుకునేవాడు కాదు. చెక్క నున్నగా అయిందో లేదో చూడాలంటే కళ్ళు మూసుకుని బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొసకి రాసేవాడు. ఆ ముఖం చూడాలే నువ్వు. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా అలా ఉండేది కాదు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళం మంగళవారం మంగళవారం చర్చి కింద నేలమాళిగలో బొంతలు కుట్టేవాళ్ళం. చట్రం అంటే ఏముంది, నాలుగు కర్రలు, నాలుగు తాళ్ళు, కుర్చీల వీపుల మీద ఆనించడం. ఒకళ్ళు తుమ్మితే పదిమంది కుట్లు వంకర. మా అన్న అది చూసి ఒక చలికాలమంతా కూచుని చట్రం చేసిచ్చాడు. రెండు దూలాలు, పళ్ళచక్రం, తిప్పితే బొంత చుట్టుకుంటూ పోయేది. పని అయ్యాక తాడు లాగితే చట్రం మొత్తం పైకప్పుకి లేచిపోయేది, కింద పాస్టరుగారు బల్లలు వేసుకోవచ్చు. ఓలీ పెద్దమ్మని నువ్వు చూడలేదు. మా అందరికీ పెద్ద ఆవిడ. కింది పెదవిలో పొగాకు పొడుం దట్టించి మాట్లాడేది, మాటలన్నీ నీళ్ళలోంచి వచ్చినట్టుండేవి. ఆ తాడు మూడుసార్లు లాగి, మూడుసార్లు దించి, "ఒసేవ్, ఈ పిల్లాడికి ఏమిద్దామే? డబ్బిస్తే పుచ్చుకోడు, కేకు చేస్తే రెండ్రోజుల్లో తినేస్తాడు, బొంత ఇద్దాం, వడ్రంగి బొంత" అంది. అంతే. పదమూడు గడులు, పదమూడుమంది. ఇదిగో చూడు, ఇది రంపం పళ్ళు, ఇది మూలమట్టం, ఈ నల్లటిది దాగలి, కమ్మరి ఇనుము సాగగొట్టే దిమ్మ, అది కొట్టం తలుపు. అన్నీ ఆయన సరదాకి తగ్గవే. నడుమ ఉన్న ఈ నమూనాని వడ్రంగి చక్రం అంటారు. అది ఎవరు కుట్టాలి? నేననుకున్నాను. అమ్మ పోయాక నాకు పదేళ్ళప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆయనకి కప్పిన ప్రతి బొంతా నా చేత్తో కుట్టిందే. మా వాగు పొడవునా నా కుట్టుకి పేరుంది. ఇప్పటికీ ఉంది, అడుగు ఎవర్నైనా. ఓలీ పెద్దమ్మ పొడుం అటు నుంచి ఇటు తిప్పి, "ఇంటిది ఉందిగా, నడిమి గడి పెళ్ళాంది" అంది. నేనేమన్నాను? బాగుందన్నాను.

పెళ్ళాం ఎవరు, మీ నానమ్మే. వచ్చి ఇంకా ఏడాది కాలేదు. సైన్యం నుంచి తిరిగొస్తూ రైల్లో చూశాట్ట. సిన్సినాటీ పిల్ల, ఏదో ఆఫీసులో టైపు కొట్టేది. పొడుగ్గా ఉండేది, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. జీపులోంచి దిగి, తెల్ల బూట్లతో మా బురదలో నిలబడి "ఎంత బాగుందో ఇక్కడ" అంది. బురద బాగుందిట! మొదటి మంగళవారం చట్రం దగ్గర కూచుంది పాపం. సూదిని గుండుసూదిలా పట్టుకుంది. మావాళ్ళు గోరుతగులుడు కుట్లంటారు, పడుకుంటే కాలిగోరు చిక్కుకునేంత పొడుగన్నమాట. అలాంటివి కుట్టింది అంచు వెంబడి. ఎవరూ ఏమీ అనలేదు. అనం. మా దగ్గర పద్ధతి వేరు. సరిగా రానివాళ్ళు కుట్టి, కబుర్లు చెప్పి, కాఫీ తాగి ఇంటికెళ్ళాక, బుధవారం పొద్దున ఓలీ పెద్దమ్మ వచ్చి ఆ కుట్లు విప్పేసి తను కుట్టేసేది. పై మంగళవారం వాళ్ళు చూసుకుని "నా చెయ్యి కుదిరింది" అని మురిసిపోయేవాళ్ళు. మా వాగు పక్క ఎంతమంది ఆడవాళ్ళు ఓలీ పెద్దమ్మ కుట్లని తమవే అనుకుంటూ కన్నుమూశారో ఆ దేవుడికే తెలియాలి. నాకు పన్నెండేళ్ళప్పుడు నావీ విప్పింది. అందులో తప్పేం లేదమ్మా. చెప్పకపోవడమే మర్యాద.

ఏమిటి? ఆ... వస్తున్నాను, అక్కడికే వస్తున్నాను. మీ నానమ్మ తెలివైంది, ఊరికే మురిసిపోయే రకం కాదు. అంచు చూసుకుంది. "ఇవి నావి కావు" అని ఎవరితోనూ అనలేదు. ఆ చలికాలం సాయంత్రాలు షెడ్డుకి పోవడం మొదలుపెట్టింది. మా అన్న ఆవిడ కోసం చిన్న చట్రం ఒకటి బల్లకి బిగించి ఇచ్చాడు. ఆయన చిత్రిక పట్టడం, ఆవిడ పాతగుడ్డ మీద కుట్టుకోవడం. నేను అన్నం గిన్నె పట్టుకెళ్ళి కిటికీలోంచి చూసేదాన్ని. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదే. అదే చిత్రం. దీపం వెలుగులో పొట్టు ఎగిరి ఆవిడ జుట్టులో పడేది, ఆవిడ దులుపుకునేది కాదు. ఆయన తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడేవాడు. అప్పుడే చిత్రిక పట్టిన దేవదారు వాసన వేస్తే ఎలా ఉంటుందో, ఆ చూపు అలా ఉండేది. నాకెవరూ అలా చూసినవాళ్ళు లేరు, నువ్వు నవ్వకు. పొడుగు చెక్క కోసేటప్పుడు రెండో కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి. నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచి అది నా పని. "జెల్ఫా, కొస!" అని కేకేసేవాడు, ఎక్కడున్నా పరిగెత్తేదాన్ని. ఒకరోజు రంపం చప్పుడు వినిపించింది, కేక వినిపించలేదు. వెళ్ళి చూస్తే కొస మీ నానమ్మ పట్టుకుని ఉంది. నన్ను చూసి ఇద్దరూ నవ్వారు. "రా జెల్ఫా, కూచో" అన్నారు. చుట్టం వస్తే అన్నట్టు.

ఫిబ్రవరిలో చట్రం పళ్ళచక్రం తిప్పితే నడిమి గడి పైకొచ్చింది. మీ నానమ్మ ఆ మంగళవారం ఒక్కతే దాని మీద వంగి కూచుంది, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు, పొద్దుగుంకేదాకా కుట్టింది. చివర ఎర్ర దారంతో పేరు. బుధవారం చూడాల్సింది ఓలీ పెద్దమ్మ. ఆవిడకి రొమ్ము పట్టేసి లేవలేదు, "జెల్ఫా, నువ్వు చూడవే, బాగోకపోతే సర్దు" అని కబురంపింది. దారి నిండా మంచు గడ్డకట్టి ఆదివారం దాకా నేనూ కొండ దిగలేకపోయాను. ఆ రోజు ప్రార్థన అయ్యాక అందరూ పైన భోజనాల దగ్గరున్నారు. పళ్ళేల చప్పుడు, పిల్లల గోల. నేను కిందకి దిగి తాడు వదిలి చట్రం దించాను. ఆదివారం సూది పట్టకూడదు మాకు. ఆ రోజు కుట్టిన ప్రతి కుట్టూ చచ్చాక ముక్కుతో విప్పాలంటారు. నా ముక్కుకి చాలా పనుంది లే. విప్పాను. అన్నీ విప్పాను, పేరుతో సహా. పేరు ముందు కాయితం మీద అచ్చు దింపుకుని, మళ్ళీ అదే వంపుతో కుట్టాను, అందుకే నీకు తన దస్తూరీలా ఉంది. సోమవారం సాయంత్రానికి అయింది. చూడు, ఈ వంపులు చూడు, ఎక్కడైనా తేడా ఉందా? ఇదమ్మా సంగతి. నువ్వు అద్దం వేయించబోయేది మీ నానమ్మ చెయ్యి కాదు, నాది. అందుకే కొయ్యొద్దన్నాను. మా పద్ధతి ప్రకారమే చేశాను, ఓలీ పెద్దమ్మ చెప్పిందే చేశాను. అలా చూడకు.

ఇవ్వడం వసంతంలో ఇచ్చాం. షెడ్డులోకే తీసుకెళ్ళి బల్ల మీద పరిచాం, పదమూడుమందీ గుమ్మంలో ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నిలబడ్డాం. మా అన్న చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు, తుడుచుకున్నాడు, ఆగడే! ఓలీ పెద్దమ్మ "ముట్టుకోరా, కరవదు" అంది. అప్పుడు కళ్ళు మూసుకుని, బొటనవేలు ఈ అంచు నుంచి మొదలుపెట్టి, రంపం పళ్ళు దాటి, నడిమి గడి మీదికి వచ్చి ఆగాడు. ఆగిపోయాడు. నా బొంతలు కప్పుకుని పెరిగినవాడు కదా. కళ్ళు తెరిచి, "వెర్డా, ఇది నీదేనా?" అన్నాడు. మెల్లగా అన్నాడు. మీ నానమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేనూ చూశాను, తల దించలేదు. ఒక్కమాట చాలు కదా, అందరి ముందూ నా పరువు పోయేది. ఆవిడ అనలేదు. "పేరు ఉందిగా హోబర్ట్" అంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వింది కాబోలు అనుకున్నారు అందరూ. ఆ పై మంగళవారం రాలేదు. ఆ తర్వాత మంగళవారమూ రాలేదు. షెడ్డులో చిన్న చట్రం విప్పి మా అన్న గోడకి ఆనించేశాడు. ఈ బొంత వాల్‌నట్ చెక్క పెట్టెలో పడుకుంది, ఒక్క రాత్రి కూడా ఎవరూ కప్పుకోలేదు. ఎంత అపురూపంగా దాచుకున్నాడో అని ఊరంతా చెప్పాను నేను. మీ నానమ్మ గుండీ ఊడితే కూడా నా దగ్గరికి పంపించేది. "వదినకి సూది చేతకాదు, గోరుతగులుడు కుట్లు" అని నేనే అందరికీ నవ్వుతూ చెప్పేదాన్ని. మీ నాన్నకీ చెప్పాను. నీకూ చిన్నప్పుడు చెప్పాను, గుర్తుందా?

అదేంటి, ఎందుకు లేచావు? వెలుతురుకి ఎందుకు ఎత్తుతున్నావు దాన్ని? వద్దులే, మడిచెయ్యి. ఉతకని బొంత, మురికి తప్ప ఏం కనిపిస్తుంది... ఆ. కనిపించాయా? నా దారం పక్కనే. అవును, సూది గుచ్చిన రంధ్రాలే. తడి వేలితో రాస్తే మూసుకుంటాయి మామూలుగా, ఎంత రాసినా మూసుకోలేదు కొన్ని. అవి మీ నానమ్మవి. దగ్గర దగ్గరగా ఉన్నాయా? ఎంత దగ్గరగా ఉన్నాయో నాకు తెలుసమ్మా, నువ్వు వేలు పెట్టి చూపించక్కర్లేదు. అరవై ఆరేళ్ళుగా తెలుసు. కూచో. కూచో తల్లీ. గోరు తగిలే కుట్లు ఇలా ఉంటాయా అనే కదా నీ ప్రశ్న. ఉండవు. అవి బాగున్నాయి, డెలేనీ. నావాటికంటే బాగున్నాయి. అందుకే విప్పాను.