గ్లవ్ వెనక ఎలిసెయో మొహం

ఈ మాట ఇప్పటిదాకా నా నోట్లోంచి బయటికి రాలేదు యరీసా, ఆ కాఫీ అక్కడ పెట్టి కూర్చో. ఆ రోజు బేస్‌బాల్ ఆటలో అవతలివాడు కొట్టిన ఆ హిట్టు ఎలిసెయోయే ఇచ్చాడు. కావాలనే ఇచ్చాడు. మీ అమ్మమ్మకి చెప్పలేదు, చర్చిలో పాదిరీగారికీ చెప్పలేదు. నువ్వు మీ క్లబ్బు నుంచి ఇప్పుడీ కబురు తేబట్టి చెప్తున్నా. ఎలిసెయో కూతురు నెరీదా రానందా? ఆదివారం స్టేడియానికి వాళ్ళ నాన్న పేరు పెడుతుంటే, మొదటి బంతి కూతురే విసరాలని అడిగితే, "నా నీడ పడితే మీ ఆట చెడిపోతుంది" అందా? అనదూ మరి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ చక్కెర మిల్లు ఊళ్ళో చేపల కొట్టుకెళ్ళినా, పెళ్ళికెళ్ళినా, ఎవడో ఒకడు "అదిగో, నాన్న ఆట మింగిన పిల్ల" అంటూనే ఉన్నాడు. పైగా ఆదివారం గేటు మీద ఆ ఫోటోయే పెద్దది చేసి కడతారట కదా, వాడు మట్టిలో కూలబడి గ్లవ్‌తో మొహం కప్పుకున్నది. బాగుంది. కూతుర్ని పిలిచి చెంపదెబ్బ కొట్టినట్టుంది.

నాకెలా తెలుసంటావా? క్యాచర్ని కదమ్మా. జట్టులో మిగతా ఎనిమిదిమందీ బ్యాటు వైపు చూస్తూ నిలబడతారు, క్యాచర్ ఒక్కడే బ్యాటు వెనక గొంతుక్కూర్చుని వాళ్ళ మొహాలు చూస్తాడు. జీతం పుచ్చుకుని పదహారేళ్ళు ఆడాను, ఏం మిగిలిందయ్యా అంటే, మోకాళ్ళు పోయాయి, మొహాలు మిగిలాయి. హోమ్ రన్ కొట్టినవాడికి ఊరేగింపు, బంతి విసిరే పిచ్చర్‌కి ఆడపిల్లల ఉత్తరాలు, క్యాచర్‌కి మీ అమ్మమ్మ కాచిన ఆముదం. సరే, ఏం చెబుతున్నాను? ఆఁ, ఎలిసెయో, మా పిచ్చర్.

చెరకు గడలా ఉండేవాడు. వెనక జేబులో దువ్వెన. బంతి విసిరే దిబ్బ మీద నిలబడి అందరూ చూస్తుండగా తల దువ్వుకునేవాడు. ఎవణ్ణైనా అవుట్ చేస్తే, "మీ అమ్మగారిని అడిగానని చెప్పు నాయనా" అని మర్యాదగా సాగనంపేవాడు. అలాంటివాడు ఆ రోజు దువ్వెన తియ్యలేదు. వాళ్ళావిడ మార్సెలాకి పొద్దున్నే నొప్పులొచ్చి మిల్లు ఆసుపత్రిలో చేర్చారు. అంతకు ముందు ఒక కాన్పు పోయింది వాళ్ళకి. అందుకని బెంచీ మీద అందరి చేతులూ పట్టుకుని, "ఆట మధ్యలో అయినా సరే, కబురు రాగానే నాకు చెప్పాలి" అన్నాడు. చెప్తామన్నాం.

చెప్పేవాళ్ళమే. కానీ తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో నాలుగోది అయ్యేసరికి అవతలివాళ్ళకి ఒక్క హిట్టూ లేదు. ఇంక నీకు తెలుసుగా, పిచ్చర్ అలా ఒక్కడికీ లొంగకుండా విసురుతుంటే వాడితో మాట్లాడకూడదు, పక్కన కూర్చోకూడదు. మాట్లాడితే ఆ ఆట విరుగుతుందని మా నమ్మకం. ఐదో ఇన్నింగ్స్‌లో మేం బెంచీకి చేరుతుండగా ఆసుపత్రి ఆయా కంచె దగ్గరికొచ్చి మా మేనేజర్ బొనిఫాసియో చెవిలో చెప్పింది, ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం అని. ఆయన టోపీ తీసి సిలువ గుర్తు వేసుకుని మావైపు తిరిగి, "ఎవడైనా నోరు తెరిచాడో, రేపట్నుంచి చెరకు కొట్టుకోవాల్సిందే" అన్నాడు.

ఆ ఆయాని దిబ్బ మీంచి దిగి వస్తూ ఎలిసెయో చూశాడమ్మా. అదీ వచ్చిన చిక్కు. బెంచీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "ఏమంది?" అన్నాడు. బొనిఫాసియో ఆకాశంలో మబ్బులు వెతుకుతున్నాడు. ఇంకొకడు కట్టిన బూటు తాళ్ళే మళ్ళీ కట్టుకుంటున్నాడు. నా దగ్గరికొచ్చాడు. "ఒరే ఎవారిస్తో, నువ్వైనా చెప్పరా. బతికుందా? పోనీ తల ఊపరా, దొంగ వెధవా." నేను మొహం మీదికి ఇనప ముసుగు దించేసుకుని దీపస్తంభంలా నిలబడ్డాను. "ఇంతమంది మూగాళ్ళని ఎక్కడ ఏరుకొచ్చారయ్యా" అంటూ మళ్ళీ దిబ్బెక్కాడు. ఆసుపత్రి వైపే చూస్తున్నాడు. నాకు కనబడుతోంది.

ఎదురుగా ఉన్నవాడు వాళ్ళ జట్టులో చచ్చు బ్యాటు. నేను కిందకి వంపు తిరిగే బంతి వెయ్యమని వేళ్ళు చూపించాను. తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి చూపించాను. మళ్ళీ అడ్డంగానే. అప్పుడు నన్ను చూసి కన్ను కొట్టాడు. తర్వాత వచ్చిన బంతి ఉంది చూశావూ, వేయించిన అరటికాయ పళ్ళెంలో పెట్టి అందించినట్టు వచ్చింది. మా నాయనమ్మైనా కొట్టేది. ఆ కొట్టినవాడు ఎంత బిత్తరపోయాడంటే, పరిగెత్తాలన్న సంగతే కాసేపు గుర్తు రాలేదు. జనం మొత్తం చల్లబడిపోయారు. హిట్టు పడ్డాక ఇంక దాచేదేముంది, మా బెంచీ మాత్రం ఒక్కసారిగా గొంతులు విప్పింది. "అమ్మాయిరా ఎలిసెయో, అమ్మాయి, ఇద్దరూ బాగున్నారు" అని, బొనిఫాసియోతో సహా.

వాడు అక్కడే కూలబడ్డాడు. గ్లవ్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అప్పుడు తీసిందే మీ గేటు ఫోటో. ఆట పోయిందని ఏడ్చాడని మర్నాడు పేపర్లో వేశారు. నేను దగ్గరికెళితే గ్లవ్ కొంచెం దించాడు. నవ్వుతున్నాడు తల్లీ. కళ్ళనీళ్ళు పళ్ళ మీదికి కారుతున్నాయి, నవ్వుతున్నాడు. "మీ చేత మాట్లాడించడానికి ఇంతకంటే దారి దొరకలేదురా" అన్నాడు. "ఎవరికీ చెప్పకు. పందెం కాసినవాళ్ళు నన్ను నిలువునా చీరేస్తారు. పిల్ల పెద్దయ్యాక నేనే చెప్పుకుంటా."

పెద్దయ్యేదాకా వాడుంటేగా. ఆ పిల్ల బడికైనా వెళ్ళకముందే జ్వరం తీసుకుపోయింది వాణ్ణి. నేను మాట తప్పకూడదని ఊరుకున్నాను. పందెం కాసినవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోతూ వచ్చారు, ఆఖరివాడు మొన్న వానల్లో పోయాడు. ఏమన్నావ్, ఇంకా ఎవరికి భయపడుతున్నావంటావా? ఎవరికీ లేదు. అలవాటైపోయింది. పాపం, ఆ పిల్ల కూడా వచ్చి అడిగిందోసారి, నాన్నకి తనంటే కోపమా అని. నేను మబ్బులు చూశాను.

ఆ ఫోన్ ఇటు తే. ఆదివారం రమ్మనడానికి కాదు, రాకపోతే మానెయ్యనీ. ముందేమంటావంటావా? ఏమో, ఎత్తనీ చూద్దాం. నంబరు నువ్వే నొక్కు.