మూడు మరలు

అమలాపురంలో దుర్గారావు తుపాకుల షాపు. అల్లవరం నుంచి వచ్చిన కాంతమ్మ చేతిలోని ఫోన్‌లో, పోయినేడు ఆమె భర్త ప్రాణం తీసిన రివాల్వర్ ఫోటో ఉంది. కొడుకు జయప్రకాష్ బయట ఆటోలోనే కూర్చున్నాడు.

“కిందపడితే పేలుద్దా, పేలదా? అది చెప్పండి చాలు.”

“మోడల్ని బట్టండి. నలభై నాలుగు బోరు, అమెరికా సరుకు. చూట్టానికి పాతదీ కొత్తదీ కవలలే. పాతదాంట్లో సుత్తి తిన్నగా తూటా మీదే ఆనుకునుండేది. జారిపడితే పేలిపోయేది. ప్రమాదాలు జరిగేయని డెబ్బై మూడులో లోపల ఓ బద్ద పెట్టేరు. ట్రిగ్గర్ నొక్కితేనే అది లేచి దెబ్బ అందిస్తది.”

“మాది పాతదేనండి. మావగారు కొన్నది.”

“పాతదానికి పక్కన మూడు మరలుంటాయి, స్క్రూలు. ఏదీ, ఫోటో పెద్దది చెయ్యండి.”

“కనపడతన్నాయా?”

“ఆవేళ ఏం జరిగిందండి?”

“ఎలక్షన్లని స్టేషన్లో అప్పజెప్పమన్నారు. బీరువాలోంచి తీసి వాళ్ళ నాన్నకిస్తంటే జారిందని మావాడే చెప్పేడు. అప్పట్నుంచి వాడితో మాట్లాడ్డం లేదండి. మరలున్నాయా?”

“జారడం మీరు చూసేరా?”

“నేను చర్చిలో ఉన్నాను. ఆయనే పంపేరు, పనిగట్టుకుని.”

“అమ్మా... ఇది కొత్త మోడలండి. మరల్లేవు, పిన్నులే. పడితే పేలదు. ఎవరో నొక్కాలి.”

“ఎవరో అంటే?”

“మీవాడికీ ఆయనకీ ఏమన్నా...”

“ఛ! నాన్నంటే వాడికి ప్రాణమండి.”

“మరి ఆయన?”

“ఆయన... చెరువుల్లో రొయ్య చచ్చిపోయిందగ్గర్నుంచి పలకరిస్తే పలికేవోరు కాదు. అయ్యో... అయ్యో, ఆయన...”

“కూర్చోండమ్మా. మంచినీళ్ళు తాగండి.”

“తనంతట తాను పోయినోళ్ళకి మా సమాధుల్లో చోటివ్వరండి. సంఘప్పెద్దలొచ్చి గుమ్మంలో నిలబడి, ఎలా పోయేడని అడిగేరు. వీడు గబుక్కున ముందుకొచ్చి, నా చేతిలోంచే జారిందన్నాడు. చెంప పగలగొట్టేనండి. అందరి ముందూ.”

“అబ్బాయిని పిలవమంటారా?”

“నేనే పిలుస్తాను. మీరు మటుకు ఏం మాట్లాడకండి.”

“ఆయ్.”

“జయా! ఇలా రా నాయనా. పాత మోడలేనంటరా. మూడు మరలూ ఉన్నాయంట. ఎవరి చేతిలోంచి జారినా పేలేదేనంట. పద, ఆకలేస్తంది. ఇద్దరం అన్నం తిందాం.”