ఒంటిగదిలో గుట్టు దాగదు

ఉంగేనీ ఏరు పొంగి సీ కౌ లేక్ పేటలో ఇళ్ళను ముంచాక ఏడో ఏడు, దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ మొదటిసారి కలిసి ఓట్లేసిన ఏడు. బస్సు డ్రైవరుగా పనిచేసి మానిన వీరా డర్బన్ సముద్రపొడ్డున ఒంటిగది ఒకటి అద్దెకు తీసుకున్నాడు. పాత వీధిలో పొరుగామె వసంతి. ఆమెకు మొగుడు లేడు, ఇతనికి పెళ్ళాం లేదు. వరదనాటి నుంచీ నోట్లో నానుతున్న మాటను ఇవాళైనా అడగాలని, గది సర్దే వంకన ఆమెను పిలిచాడు. సామాను బక్కీ ట్రక్కులో వేసుకొచ్చినవాడు అన్న కొడుకు దేవన్.

"అటు కాదు దేవన్, ఇటు. తల ఉత్తరం పెట్టి ఎవరన్నా పడుకుంటారా?"

"ఇటు తిప్పితే ఫ్రిజ్జు తలుపు రాదు ఆంటీ."

"ఫ్రిజ్జు జరుపు."

"జరిపితే బాత్రూములోకి మనిషి దూరలేడు."

"ఏం వీరా, ఇల్లు నీది. నువ్వేమీ అనవా?"

"ఊఁ."

"ఊఁ అంటే? మంచమా, ఫ్రిజ్జా?"

"నువ్వెట్లా అంటే అట్లా."

"అబ్బో! బాబాయి ఒక్కసారే నాలుగు మాటలు. ఇవాళ వానే."

"నువ్వూరుకో దేవన్. ఈ చెక్క ఏంటి వీరా, గోడకి?"

"దీపానికి. నేనే కొట్టా. తూర్పు."

"తూర్పు బాగుంది. గోడవతల ఏముందో చూశావా? పక్కగది బాత్రూము. దేవుడి వీపు వెనక రోజూ ఎవరో గొలుసు లాగుతారు."

"నీకెట్లా తెలుసు?"

"తెలుసులే. పీకు ముందు."

"మరెక్కడ పెట్టను? ఇటు మంచం. అటు పొయ్యి."

"పొయ్యి పక్కన వద్దు. ఆదివారం మటన్ వండకుండా ఉంటావా? బీరువా పై అర ఖాళీ చెయ్యి. అందులో పెడదాం."

"దేవుడు బట్టల బీరువాలోనా ఆంటీ! చొక్కాలు అంటుకుంటాయి."

"మీ బాబాయికి ఉన్నవి రెండు చొక్కాలు. కింద అరలో పడుంటాయి. దీపం వెలిగినంతసేపు తలుపులు తీసుంచు వీరా. మటన్ నాడు మూసెయ్. దేవుడికైనా వేసుకోడానికో తలుపుండాలి."

"ఊఁ."

"అయ్యో రామా, ఈ నల్లగుడ్డేంటి కిటికీకి?"

"ఎండ."

"ఎండ రానీ! మొన్నటిదాకా ఈ తెల్లవాళ్ళ బిల్డింగులోకి మనవాళ్ళు తుడవడానికి తప్ప రాలేదు. ఇప్పుడు సముద్రం వచ్చి నీ కిటికీలో కూచుంటే గుడ్డ కడతావా? మావాళ్ళింట్లో నేను పడుకునేది టీవీ పక్కన. వార్తలైందాకా పక్క పరచకూడదు. అరిచినా నా మాట ఎవరికీ వినపడదు. ఇక్కడ చూడు, అల చప్పుడు కూడా వినపడుతోంది."

"బాబాయి, బాత్రూములో కుళాయి కారుతోందన్నావే."

"కారట్లేదు."

"కారుతోంది. రా, చూద్దాం."

"కారట్లేదురా."

"రా అంటుంటే!"

"వస్తున్నా పద."

"తలుపేశావా?"

"వేశా."

"ఎప్పుడడుగుతావు బాబాయి? నాలుగింటి టాక్సీకి పోతానంటోంది. చెచ్చా, తొందరగా కానీ."

"అడుగుతా."

"ఓటు లైన్లో పొద్దంతా ఆమె వెనకాలే నిలబడ్డావు. ఏమన్నావు?"

"ఎండగా ఉందన్నా."

"ఆమేమంది?"

"అవునంది."

"శభాష్! ఇంకేం, పందిరెయ్యడమే తరువాయి. వీధిలో మగాళ్ళందరూ ఆమెకి అన్నలే. నిన్నొక్కణ్ణే పేరెట్టి పిలుస్తది. ఎందుకో తెలీదూ?"

"పేరు చిన్నది గనక."

"నీ తలకాయ గనక! అడుగు బాబాయి. కాదంటే కాదంటది, అంతేగా."

"అంతే కాదురా. కాదంటే మళ్ళీ రాదు. వీధిలో కనపడ్డప్పుడు పలకరింపు ఒకటుంది నాకు. అదీ పోద్ది."

"బాబాయి…"

"ఆ పలకరింపు కోసమే ఆదివారాలు బయట నిలబడతా."

"వీరా!"

"ఆఁ?"

"ఆ తలుపు అప్పడమంత పల్చన. ఇక్కడికంతా వినపడుతోంది."

"అయిపోయింది బాబాయి. ఇంక నేనేం చెయ్యలేను."

"దేవన్, నువ్వు బయటికి రా. వచ్చి, ఇంకా బయటికి పో. బక్కీలో కూచో."

"పోతున్నా ఆంటీ, పోతున్నా!"

"వీరా, నువ్వు రాకు. నా మొహం చూస్తే నీకు మాట పెగలదు. తలుపవతల నుంచే చెప్పు."

"ఉన్నావా?"

"చెప్పు. నేనెక్కడికీ పోలేదు."

"వరదలో… నా బస్సెక్కావు. కోళ్ళగంపతో."

"ఎక్కాను."

"ఊరు మునుగుతుంటే, కోళ్ళకి టికెట్టెంత అనడిగావు."

"అడిగాను. నువ్వు నవ్వావు. అదే మొదలు నువ్వు నవ్వగా చూడ్డం."

"అప్పట్నుంచి."

"అప్పట్నుంచి ఏంటి?"

"పెళ్ళి చేసుకుందామా, వసంతి?"

"చేసుకుందాం."

"ఏంటీ?"

"చేసుకుందామన్నా. చెవుడా?"

"బయటికి రానా?"

"ఆగు. ఇంకోటుంది. ఈ గదిలోకి నేను కాపురానికి రాను."

"మంచం చిన్నదనా? పెద్దది తెస్తా."

"మంచం సంగతి కాదయ్యా. పుట్టింట్లో చెల్లెళ్ళ మధ్య పడుకున్నా. అత్తింట్లో వంటగదిలో. ఇప్పుడు టీవీ పక్కన. పుట్టాక నా చేత్తో మూసుకునే తలుపు ఒక్కటి లేదు నాకు. నువ్వు మంచోడివే. అయినా మళ్ళీ ఒకరి గదిలో ఓ మూల నాకొద్దు."

"మరి?"

"పక్కగది ఖాళీ. ఈ బిల్డింగు చూసుకునే ఇవోన్‌తో పోయిన వారమే మాట్లాడా. తాళంచెవి రేపు నా చేతికొస్తది. పెళ్ళయినా సరే, ఆ తలుపు నాది. నువ్వు తట్టి రావాలి. ఊఁ అనకు. రాత్రి ఆలోచించుకుని రేపు చెప్పు."

మర్నాడు పొద్దున్నే వీరా గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని బయటికొచ్చాడు. పక్కగది తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల వసంతి నేల ఊడుస్తోంది. అతను తెరిచి ఉన్న ఆ తలుపునే తట్టి, ఆమె రమ్మనేదాకా గుమ్మం బయట నిలబడ్డాడు.