జబ్బు మడిలో నిలిచిన మొలకలు

1988 జూన్ పదమూడవ తేదీన పత్తి పరిశోధన కేంద్రంలో సహాయ శాస్త్రవేత్తగా చేరిన మేడమ్‌గారు, ముప్ఫై ఆరేళ్ల సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చేరిన వారంలోనే ఆమె కోరింది మంచి గదీ కాదు, కొత్త బల్లా కాదు. పనికిరాదని అందరూ వదిలేసిన మూలమడి. విత్తిన పత్తి నాలుగాకులు వేయకముందే మొదలు కుళ్లి ఒరిగిపోయే నేల అది. ఆ జబ్బు మట్టిలోనే వందల రకాలు విత్తి, చావగా మిగిలిన మొక్కల నుంచి విత్తనం తీయడం ఆమె ఎంచుకున్న మార్గం. మట్టిలో జబ్బు తగ్గలేదని రూఢి చేసుకోవడానికి పది సాళ్లకొకటి చొప్పున, తేలిగ్గా చనిపోయే పాత రకం కూడా వేసేవారు.

ఏడో ఏట మడి మొత్తం పచ్చగా నిలిచింది. డైరెక్టర్‌గారు కొత్త రకం ప్రకటనకు కాగితాలు సిద్ధం చేయించారు. ఆమె పదోన్నతి కూడా ఆ కాగితాలతోనే ముడిపడి ఉంది. అందరూ గట్టున నిలబడి అభినందిస్తుంటే, ఆమె మాత్రం వంగి పాత రకం సాలునే చూస్తూ ఉండిపోయారు. చావవలసిన మొలకలూ నిక్షేపంగా ఉన్నాయి.

మడిని కనిపెట్టుకుని ఉండే పెద్దాయనను ఆమె మొదటినుంచీ బాబాయ్ అనే పిలిచేవారు. అడగ్గానే ఆయన తల దించుకున్నారు. ఆమె ప్రసూతి సెలవులో ఉన్న ఆ వేసవిలో మడిని తడిపి, ప్లాస్టిక్ పట్టా కప్పి, మట్టిలోని జబ్బు చచ్చేలా రెండు నెలలు ఎండలో ఉడకబెట్టారట.

"ఏటా మీరు విత్తడం, అవి చావడం చూడలేకపోయానమ్మా."

ఆమె నవ్వేశారు. "ఊళ్లో పొలాలన్నిటికీ ఈ వైద్యం చెయ్యి బాబాయ్. నా మడి ఒక్కదాన్ని మాత్రం జబ్బుగానే ఉండనియ్యి."

డైరెక్టర్‌గారితో చెప్పింది ఒకే మాట. "ఇవి నెగ్గలేదండీ. అసలు పరీక్షే జరగలేదు."

కాగితాలూ, పదోన్నతీ వెనక్కి వెళ్లాయి. అదే జబ్బుకు మొలకలు పోగొట్టుకున్న రైతుల పొలాల నుంచి బాబాయే బస్తాలతో మట్టి తెచ్చి మడిలో కలిపారు. మూడేళ్ల తర్వాత, పాత రకం సాళ్లన్నీ ఒరిగిపోయిన ఆ మడిలో, నాలుగు వందల రకాలకు తొమ్మిదే నిలిచాయి. వాటిలో ఒకటి ఇవాళ వేల ఎకరాల్లో రైతుకు రెండోసారి విత్తే బాధ తప్పిస్తోంది. దాన్ని విడుదల చేసిన రోజున మొదటి గుప్పెడు గింజలు ఆమె బాబాయ్ దోసిట్లోనే పోశారు.

ఇంట్లో కుండీలోని గులాబీకి తెగులు వచ్చినా మందు కొట్టనివ్వరనీ, "దాని సత్తా ఏమిటో చూద్దాం ఉండండి" అంటారనీ భర్తగారి ఫిర్యాదు. ఇకనైనా ఆ గులాబీ మీద కాస్త దయ చూపే తీరిక ఆమెకు చిక్కాలనీ, నిండు ఆరోగ్యంతో, కుటుంబంతో ఆమె చిరకాలం హాయిగా ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం. ఆ మూలమడిని మాత్రం జబ్బుగానే కాపాడతామని మాట ఇస్తున్నాం.