బలవంతం ఉందా, లేదా

ఆడపడుచు బిడ్డను తన కడుపున మోస్తానని వచ్చిన వదినను, చట్టం చెప్పినట్టే, అధికారి తలుపేసి ఒంటరిగా అడిగాడు. బయట ఆడపడుచు గోళ్లు కొరుక్కుంటోంది. అతని సంతకం పడకపోతే ఆమెకు బిడ్డ లేనట్టే.

“మీ ఆయనగానీ, అత్తగారుగానీ బలవంతపెట్టారామ్మా?”

“ఎప్పుడు సార్?”

“ఎప్పుడేంటమ్మా? ఈ బిడ్డ కోసం.”

“ఓహో, ఈ బిడ్డకా. నా ముగ్గురప్పుడూ నన్ను ఇలా అడిగిన నాథుడు లేడు. అందుకే తికమకపడ్డాను.”

“అవన్నీ ఈ ఫారంలో లేవమ్మా.”

“మీకెంతమంది సార్?”

“ఇద్దరు.”

“మేడమ్‌గారిని అడిగారా?”

అధికారి మంచినీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయినా దించలేదు.

“ఇంతకీ ఏం రాయమంటారు?”

“ఈసారి లేదని రాయండి.”

అతను ‘ఈసారి’తో సహా రాసి, సంతకం పెట్టాడు.